ఎదురుగాలి

సైకిలు తొక్కుట యెఱిగిన ప్రతివానికిని ఒక శత్రువు పరిచితుడే. అతడు కంటికి కనబడడు, చేతికి చిక్కడు, పిలువకయే వచ్చును. మనము వేగిరపడిన కొలది తానును బలపడును. ఆ శత్రువు పేరు గాలి. ఎండకు గొడుగు కలదు, వానకు గొంగడి కలదు. ఎదురుగాలికి మాత్రము మందు లేదని సైకిలు తొక్కువారు చిరకాలము తలచిరి. ఆ మందును కనుగొనినవారి కథయు, దానిని నేను స్వయముగా చవిచూచిన వృత్తాంతమును, అందువలన నాకు తోచిన రెండు మాటలును మీకు చెప్పదలచితిని.

నేను ముప్పదియైదు సంవత్సరములు బడిపంతులుగా నుంటిని. తెలుగు పండితుడనుగా చేరి, ప్రధానోపాధ్యాయుడనై విరమించితిని. జనగామ, భూపాలపల్లి, మహబూబాబాదు ప్రాంతముల పాఠశాలలలో నా కొలువు గడచినది. నేడు ఈ మూడును వేర్వేఱు జిల్లాలకు ముఖ్యపట్టణములు. 2016 అక్టోబరు వరకు మూడును వరంగల్లు జిల్లాలోనివే. బదిలీ ఉత్తర్వు వచ్చినపుడెల్ల నా ట్రంకుపెట్టె బస్సు పైకెక్కెడిది. దాని ప్రక్కనే నా సైకిలును ఎక్కెడిది. ఏ ఊరికి పోయినను ఇంటి నుండి బడికి, బడి నుండి ఇంటికి అదియే నా వాహనము. ఆ మూడు ఊళ్ల రోడ్లును నాకు మూడు పాఠములు నేర్పినవి.

మొదటి పాఠము జనగామది. ఆ పరిసరములు మెట్టభూములు. చెట్లు తక్కువ, చేలు విశాలము. తొలకరి దాటి ఆషాఢము వచ్చుసరికి పడమటి గాలి పగలెల్ల విసరి కొట్టును. తూర్పు దిక్కు పల్లెల నుండి సైకిళ్లపై మా బడికి వచ్చు పిల్లలకు ఆ గాలి ముఖాముఖి తగిలెడిది. తక్కిన దినములలో అరగంటలో చేరు దూరము ఆ దినములలో ముప్పావు గంటకును తఱిగెడిది కాదు. ప్రార్థన వేళకు వారు చెమటతో, దుమ్ముతో వచ్చి వరుస చివర నిలుచుండెడివారు. సాయంకాలము అదే గాలి వారిని వీపు తట్టి పంపెడిది. అప్పుడు పెడళ్లు త్రొక్కకయే పాటలు పాడుకొనుచు ఇల్లు చేరెడివారు.

ఈ పిల్లలు తమంతట తాము ఒక ఉపాయము కనిపెట్టిరి. నలుగురైదుగురు ఒకరి వెనుక నొకరు వరుసగా పోయెడివారు. ముందున్నవాడు గాలిని చీల్చును. వెనుకవారికి శ్రమ తగ్గును. కిలోమీటరు రాయి వచ్చినంతనే ముందువాడు వెనుకకు పోవును, రెండవవాడు ముందునకు వచ్చును. రాతికొక వంతు! ఏ పుస్తకములోను చదువకుండ వారు నేర్చిన ఈ న్యాయమైన పంపకమును చూచి నేను మిక్కిలి సంతసించెడివాడను.

ఒకనాడు ఆ జట్టులోని ఎనిమిదవ తరగతి బాలుడొకడు నన్నడిగెను: “సార్, గాలికి బరువేమియు లేదు గదా! మఱి నన్నెట్లు వెనుకకు నెట్టుచున్నది?”

“బరువు లేదని యెవరు చెప్పినారురా? మన తరగతి గదిని కొలిచి రా” అంటిని.

అతడు కొలిచి వచ్చెను. పొడవు 8 మీటర్లు, వెడల్పు 6 మీటర్లు, ఎత్తు 4 మీటర్లు. మూడింటిని గుణించిన 192 ఘనపు మీటర్లు. ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1.2 కిలోగ్రాముల బరువుండును. కావున మా గదిలోని గాలి సుమారు 230 కిలోగ్రాములు. అనగా మూడు వడ్ల బస్తాలంత! ఆ లెక్క నల్లబల్లపై చూచి బాలుడు నోరు తెఱచెను. “అయితే ప్రొద్దుటి నుండి బస్తాలకు బస్తాలు త్రోసికొనుచు వచ్చితినా సార్?” అనెను. తరగతి యంతయు నవ్వెను. కాని వాని మాటలో నెంతయు నిజము కలదు.

పిల్లలారా! మీరును ఈ లెక్కను కొంచెము ముందునకు సాగింపుడు. మన వేగము రెట్టింపైన గాలి అడ్డగించు బలము రెట్టింపు కాదు, నాలుగు రెట్లగును. వేగము మూడు రెట్లైన తొమ్మిది రెట్లగును. గంటకు 10 కిలోమీటర్ల వేగముతో పోవు బాలునికి గంటకు 20 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలినచో, వాని దేహమునకు గాలి 30 కిలోమీటర్ల వేగముతో తాకును. గాలి లేని నాటితో పోల్చిన అడ్డగింపు తొమ్మిది రెట్లు! ఆషాఢమున మా పిల్లలు ఏల ఆలస్యముగా వచ్చుచుండిరో ఈ యొక్క అంకె చెప్పుచున్నది.

ఇక గాలి వీచని దినమున సంగతి చూడుడు. బలము నాలుగు రెట్లైన చోట, అదే కాలములో రెట్టింపు దూరమును పోవలెను గనుక, కాళ్లు చూపవలసిన శక్తి ఎనిమిది రెట్లగును. వేగము రెట్టింపు, శ్రమ ఎనిమిదింతలు! చదునైన రోడ్డుపై గంటకు 30 కిలోమీటర్ల వేగముతో మామూలు సైకిలు తొక్కువాని శక్తిలో ముప్పాతిక పాలు గాలిని త్రోయుటకే ఖర్చగును. నేలతో టైర్లకు గల రాపిడికి, గొలుసులో పోవు నష్టమునకు మిగిలినది చాలును.

ఇట్టి శత్రువును గెలుచుటకు దారులు రెండే. ఒకటి, మన బలమును పెంచుకొనుట. రెండవది, శత్రువునకు చిక్కకుండ తప్పించుకొనుట. వ్యాయామముచేత బలము కొంత పెరుగును. కాని ఎనిమిదింతలు పెరుగునా? కావున తెలివిగలవారు రెండవ దారిని వెదకిరి. చేప నీటిలోను, కొంగ గాలిలోను ఎట్లు పోవుచున్నవో చూడుడు. చేప దేహము ముందు గుండ్రన, వెనుక సన్నన. కొంగ ఎగురునప్పుడు కాళ్లను వెనుకకు చాపి, మెడను ముడుచుకొనును. సైకిలుపై నిటారుగా కూర్చున్న మనిషి మాత్రము తెఱచిన తలుపు వలె గాలికి అడ్డముగా నిలుచును.

ఆ తలుపును మూయుటకు పూనుకొనిన వారిలో ఫ్రాన్సు దేశపు షార్ల్ మోషె ప్రసిద్ధుడు. ఆయన పారిస్ సమీపమున తేలిక కార్లు చేయువాడు. ఆయన కుమారుడు జార్జి చిన్నతనమున తొక్కుడు బండి కావలెనని మారాము చేసెను. రెండు చక్రముల సైకిలుపై బిడ్డ పడునేమోయని తల్లి భయపడెను. అందుచేత తండ్రి నాలుగు చక్రములు గల చిన్న తొక్కుడు కారును చేసి యిచ్చెను. కుఱ్ఱవాడు దానిలో వెనుకకు వాలి కూర్చుండి, కాళ్లను ముందునకు చాపి తొక్కుచు, తోడి బాలుర సైకిళ్లను దాటి పోవుచుండెను! తల్లి భయము నుండి పుట్టిన ఆ యాటబండిని చూచి పెద్దలును అట్టి బండ్లు కావలెనని కోరిరి. ఇద్దరు ప్రక్కప్రక్కన కూర్చుండి తొక్కు ఆ బండికి వెలోకార్ అని పేరు.

తరువాత మోషె ఈ పద్ధతినే రెండు చక్రముల బండికి అన్వయించెను. 1933 జూలై 7వ తేదీన ఫ్రాన్సిస్ ఫోర్ అను పందెగాడు ఆ బండిపై వెల్లకిల వాలి తొక్కి, ఒక గంటలో 45.055 కిలోమీటర్లు పోయెను. అంతకు ముందు 1914లో స్విట్జర్లాండు దేశీయుడు ఆస్కార్ ఎగ్ నెలకొల్పిన 44.247 కిలోమీటర్ల రికార్డు దాదాపు ఇరువది యేండ్లు చెక్కుచెదరక నిలిచి యుండెను. ఫోర్ ఆనాటి మేటి పందెగాండ్రలో నొకడు కాడు. కావుననే గొప్ప చర్చ పుట్టినది. గెలిచినది మనిషియా, బండియా?

అంతర్జాతీయ సైకిలు సంఘము ఈ ప్రశ్నను విచారించి, 1934లో సైకిలు ఎట్లుండవలెనో కొలతలతో నిర్ణయించెను. వాలి తొక్కు బండిని పందెముల నుండి వేఱుచేసెను. ఆ సంవత్సరముననే మోషె మరణించెను. సంఘము చేసినది తప్పని కొందఱు, ఒప్పని కొందఱు నేటికిని వాదింతురు. అందఱికిని ఒకే విధమైన బండి యున్నగాని కాళ్ల బలము తేలదని వారి వాదము. ఆ వాదము పందెము వఱకు సరియే. కాని బడికి పోవు బాలునికి, పనికి పోవు కూలివానికి పందెముతో పనియేమి? వారికి కావలసినది తక్కువ శ్రమతో దూరము చేరుట. పందెముల నియమము బజారు రుచిని కూడ మార్చి, కొత్త బండిని చాల కాలము మఱుగుపఱచినది. అయినను తండ్రి విడిచిన పనిని జార్జి విడువలేదు. బండికి పైతొడుగు వేసి, 1939 మార్చిలో అదే ఫోర్ చేత తొక్కించెను. ఆ గంటలో ఫోర్ 50 కిలోమీటర్లు దాటెను.

వాలి కూర్చుండు తొక్కుడు బండికి చేప దేహము వంటి డొల్లను తొడిగినచో దానిని వెలోమొబైల్ అందురు. సాధారణముగా దానికి మూడు చక్రములు: ముందు రెండు, వెనుక నొకటి. పెంబర్తి శిల్పులు ఇత్తడి రేకును కావలసిన వంపునకు సాగగొట్టినట్లు, అచ్చట గాజునారను గాని కార్బన్ నారను గాని అచ్చులో పఱచి, జిగురు పోసి గట్టిపఱతురు. మంచి వెలోమొబైలును గాలి అడ్డగించుట మామూలు సైకిలుపై నిటారుగా కూర్చున్నవానిని అడ్డగించు దానిలో దాదాపు పదవ వంతు మాత్రమే. అమెరికాలోని నెవాడా రాష్ట్రమున బాటిల్ మౌంటెన్ అను ఊరి వద్ద చదునైన తిన్నని రోడ్డు కలదు. అచ్చట 2016 సెప్టెంబరులో కెనడా దేశీయుడు టాడ్ రైకర్ట్, రెండు చక్రముల బండిని నిలువెల్ల డొల్లతో కప్పి, గంటకు 144.17 కిలోమీటర్ల వేగమును అందుకొనెను. ఇంజను లేదు, ఎలక్ట్రిక్ మోటారు లేదు. మనిషి కాళ్లు మాత్రమే! ఆ డొల్లకు కిటికీ సైతము లేదు. లోపలివాడు కెమేరా చూపు బొమ్మను బట్టి దారిని కనుగొనెను.

ఈ సంగతులు నేను చదివి యెఱిగినవి. ఇక చవిచూచినది చెప్పెదను.

2019 వేసవిలో నెదర్లాండ్సు దేశమున ఉద్యోగము చేయు మా కుమారుని ఇంటికి పోయితిని. వాడుండు ఫ్లెవోలాండ్ సీమ పూర్వము సముద్రపు టడుగు. కట్టలు కట్టి, నీరు తోడి, ఇరువదవ శతాబ్దమున ఆ నేలను సంపాదించిరి. ఈనాటికిని అది సముద్రమట్టము కన్న కొన్ని మీటర్లు పల్లముననే యున్నది. చెఱువు గర్భము ఎట్లు చదునుగా నుండునో, ఆ నేల అట్లే చదును. సైకిళ్లకు ప్రత్యేకమైన దారులున్నవి. అచ్చటి డ్రోంటెన్ అను ఊరు వెలోమొబైళ్ల తయారీకి పేరు పొందినది. చదును నేల, విడి బాట, వదలని గాలి – ఈ మూడును ఉన్నచోట ఆ బండి పుట్టుటలో వింత లేదు.

మా వాని పొరుగింటి ముసలి వడ్రంగికి అట్టి బండి యొకటి యుండెను. ప్రతిదినము సాయంకాలము నేను దానిని చూచుచు నిలుచుట గమనించి, ఒకనాడు ఆయనయే తొక్కి చూడుమని సైగ చేసెను.

“నాన్నా, మీరు దీనిలో కూర్చుండగలరా?” అని మా వాడు సందేహించెను.

“కూర్చుండుట కాదురా, లేచుటయే కష్టము” అంటిని. అది నిజమే యయ్యెను.

బండిలోనికి దిగుట తొట్టిలోనికి దిగినట్లుండును. దిగిన పిదప వీపు వెనుకకు వాలును, కాళ్లు ముందున్న చీకటిలోనికి పోవును, తల మాత్రము వెలుపల నుండును. నేల జానెడు దూరమున! రోడ్డు ప్రక్కని గడ్డి కన్నుల యెత్తున కనబడును. చేతులకు హ్యాండిలు లేదు. రెండు ప్రక్కల రెండు పిడులు. ముసలి వడ్రంగి మూడు హితవులు చెప్పెను. మలుపునకు ముందే వేగము తగ్గించుకొనుము. అద్దములో తఱచు చూచుకొనుము. నీవు వారిని చూచితివి గనుక వారును నిన్ను చూచిరని యనుకొనకుము.

మొదటి నూఱు మీటర్లు నిరాశ కలిగించినవి. ముప్పది కిలోగ్రాములకు పైబడిన బరువు. బండి మెల్లగా కదలెను. మామూలు సైకిలు తొక్కు బాలిక యొకతె నన్ను దాటి పోయెను. నేను తొందరపడక తొక్కుచునే యుంటిని. మీటరు ముల్లు 18 దాటెను, 25 దాటెను. జనగామ సైకిలుపై ఆ వేగమునకు నా ఊపిరి చాలెడిది కాదు. ఇచ్చట బండి ఇంకను పొమ్మనుచుండెను. 30 దాటిన పిదప డొల్ల యంతయు డప్పు వలె మ్రోగసాగెను. సముద్రపు కట్ట వెంబడి గొఱ్ఱెలు మేయుచుండెను. అవి చూచుచుండగనే వెనుకబడిపోయెను. ఒక చోట మీటరు 38 చూపెను. నా కాళ్లు బడికి పోవునప్పటి కన్న ఎక్కువ శ్రమపడుట లేదు! చెంపలకు తగులు గాలి మాత్రమే నేను పోవుచున్న వేగమును నాకు తెలిపెను. తొక్కుట మానినను బండి ఆగదు. చాల దూరము అదే యూపున సాగిపోవును. జనగామలో వెనుక నుండి తట్టు సాయంకాలపు గాలి గుర్తునకు వచ్చి, నాలో నేనే నవ్వుకొంటిని.

ఆ రాత్రి నేను వేసికొన్న లెక్క నన్ను భూపాలపల్లికి తీసికొనిపోయినది. అదియే రెండవ పాఠము.

భూపాలపల్లి సింగరేణి బొగ్గు గనుల ఊరు. నా శిష్యులలో ననేకులు కాకతీయ ఖని గనులలో పనిచేయు కార్మికుల బిడ్డలు. తెల్లవారుజామున షిఫ్టునకు పోవు తండ్రుల సైకిళ్ల గంటలతో మాకు మెలకువ వచ్చెడిది. సమీపమున చెల్పూరు వద్ద కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రము కలదు. దాని రెండు యూనిట్ల సామర్థ్యము కలిసి 1100 మెగావాట్లు. ఆరోగ్యవంతుడైన మామూలు మనిషి అలసిపోక గంటసేపు తొక్కుచు చూపగల శక్తి సుమారు 100 వాట్లు. అనగా పూర్వము మన ఇండ్లలో వెలిగిన ఒక పెద్ద బల్బుకు సరిపోవునంత. భాగింపుడు! ఆ కేంద్రము పూర్తిగా పనిచేయునప్పటి శక్తికి సాటి రావలెనన్న 1 కోటి 10 లక్షల మంది ఒక్కసారిగా తొక్కవలెను.

మనిషి బలము ఎంత స్వల్పమైనదో చూచితిరా? అంత స్వల్పమైన 100 వాట్లతోనే వెలోమొబైలు చదును రోడ్డుపై గంటకు నలువది కిలోమీటర్ల దాపునకు పోవుచున్నది. మామూలు సైకిలుపై నిటారుగా కూర్చుండి ఆ వేగమును పొందుటకు దాదాపు ఐదింతల శక్తి కావలెను. బలము పెరుగలేదు, వృథా తగ్గినది. గనిలోని బొగ్గు పెరుగదు, తండ్రి తెచ్చు జీతము ఒక్కనాడు రెట్టింపు కాదు. కాని చిల్లుకుండను మార్చిన ఇంటిలో నీరు మిగులును. భూపాలపల్లి గృహిణులు ఎఱిగిన ఈ పొదుపును ఆ బండి చేసినవారును ఎఱిగిరి.

అయితే అదే భూపాలపల్లి ఈ బండి హద్దులను కూడ చూపును. అడవి దారులలో ఎత్తుపల్లములు మెండు. ఎత్తెక్కునప్పుడు శత్రువు గాలి కాదు, బరువు. ఇరువది మీటర్లకు ఒక మీటరు లేచు చదరమున 100 వాట్లతో తొక్కినచో ఆ బండి నడకకన్న కొంచెమే ముందుండును. మఱియొకటి ఎండ. మన దేహము పనిగా మార్చునది ఖర్చుపెట్టిన శక్తిలో నాలుగవ పాలు మాత్రమే. తక్కినది వేడిమిగా మారును. 100 వాట్ల పని చేయు దేహము 300 వాట్ల వేడిని వెలుపలికి పంపవలెను. సైకిలుపై నున్నవానికి గాలియే ఆ వేడిని కొనిపోవును. ఎండలు 40 డిగ్రీలు దాటు వైశాఖమున గాలిని తప్పించుకొని డొల్లలో దూరినవానికి ఆ యుపకారము తగ్గును. శత్రువని నిందించిన గాలియే మిత్రుడని అప్పుడు తెలియును. చల్లని దేశమున పుట్టిన బండిని వేడి దేశమునకు తేదలచినవాడు మొదట గాలి దూరు కిటికీలను గూర్చి ఆలోచింపవలెను.

మూడవ పాఠము అన్నింటికన్న పెద్దది. అది మహబూబాబాదు నాకు నేర్పినది. దానిని మానుకోట యనియు పిలుతురు.

నేను రెండవ దినమున ఆ బండిని మఱల తొక్కుచు, దాదాపు అదే వేగమున పోవుచుంటిని. చాల దూరమున ఒక అడ్డదారి. దాని మొగమున చిన్న సైకిలుతో ఐదాఱేండ్ల బిడ్డ, వెనుక తల్లి. వారు దాటుదురో, ఆగుదురో తెలియదు. నేను వెంటనే బ్రేకు పట్టి, నడక వేగమునకు దిగితిని. తల్లి చిఱునవ్వుతో చేయి యెత్తి, బిడ్డను దాటించుకొని పోయెను. అంత దూరమునుండియే ఏల ఆపితివని మా వాడు తరువాత అడిగెను. నా కన్నుల ముందు అప్పుడు నిలిచినది ఆ బిడ్డ కాదు, మానుకోటలోని నా శిష్యురాలు.

ఆమె తండా నుండి నడచి వచ్చు ఎనిమిదవ తరగతి పిల్ల. ఆ ప్రాంతమున రోడ్డు చక్కగా, తిన్నగా నుండెను. కోతల కాలమున రైతులు రోడ్డుపై సగము మేర మొక్కజొన్నలు, వడ్లు ఆఱబోసెడివారు. పాపము, వారికి చాలినన్ని కల్లములు లేవు. ఒక సాయంకాలము ఆ పిల్ల కుప్పను చుట్టి రోడ్డు మీదికి వచ్చినంతనే మోటారు సైకి లొకటి వచ్చి తాకెను. తొడయెముక విఱిగెను. నడిపినవాడు దుర్మార్గుడు కాడు. ఆసుపత్రి వరండాలో ఏడ్చుచు, “కనబడలేదు సార్, కనబడలేదు” అని అదే మాట పలుమాఱులు పలికెను. ఆ పిల్ల ఆ యేడు పరీక్షలు వ్రాయలేదు. మరుసటి జూనులో మఱల అదే తరగతిలో, తనకన్న చిన్నవారి నడుమ కూర్చుండెను. రోడ్డు దాటవలసినపుడు ఆమె చూచుటతో తృప్తిపడెడిది కాదు. నిలిచి, తల వంచి వినెడిది.

ఇక్కడ కూడ ఒక లెక్క చూడుడు. గంటకు 15 కిలోమీటర్ల వేగమున పోవువాడు ప్రమాదమును చూచి బ్రేకు పట్టుటకు ఒక సెకను పట్టును. ఆలోగా 4 మీటర్లు పోవును. పొడి రోడ్డుపై మంచి బ్రేకు పట్టిన పిదప ఇంకను సుమారు 2 మీటర్లు పోయి ఆగును. మొత్తము 6 మీటర్లు. అతడే 45 కిలోమీటర్ల వేగమున పోయినచో ఆ సెకనులో 12 మీటర్లకు పైగా పోవును. బ్రేకు పట్టిన పిదప పోవునది మూడింతలు కాదు, తొమ్మిదింతలు – సుమారు 16 మీటర్లు. మొత్తము 28 మీటర్లు. మొక్కజొన్న కుప్పకు, దాని వెనుకనున్న పిల్లకు నడుమ 28 మీటర్లు ఉండునా?

గాలి అడ్డగింపును తగ్గించుకొనవచ్చును. కాని ఈ 28 మీటర్లను ఏ డొల్లయు తగ్గింపలేదు. శ్రమ లేకుండ వచ్చిన వేగము వేగము వలె తోచదు. అందువలననే అది మఱింత ప్రమాదకరము. తాను అలసినవాడు తాను వేగముగా పోవుచున్నట్లు ఎఱుగును. తాను అలయనివానికి మీటరు చూచిన గాని తెలియదు. పైగా వెలోమొబైలు నేలబారు బండి. మన రోడ్లపై లారీ నడుపువాని కంటికి అది అందుట కష్టము. అందుచేతనే ఆ దేశమున సైతము కొందఱు దానికి పొడవైన కఱ్ఱ కట్టి, చివర జెండా యెగురవేయుదురు.

మఱి మన ప్రాంతమునకు ఇట్టి బండ్లు తగవా? తగవని నేననను. బండికి ముందు బాట రావలెనందును. హైదరాబాదు వెలుపలి వలయపు రోడ్డు ప్రక్క 2023 అక్టోబరులో 23 కిలోమీటర్ల సైకిలు బాటను ప్రారంభించిరి. దానికి సౌర ఫలకములనే పైకప్పుగా వేసిరి. క్రింద నీడ, పైన విద్యుత్తు. అట్టి నీడబాట జనగామ పల్లెలకును, మానుకోట తండాలకును వచ్చిన నాడు, ధాన్యమునకు కల్లములు ఏర్పడిన నాడు, చేప వంటి బండ్లు మన పిల్లలచేతనే తయారు కావచ్చును. పెంబర్తి శిల్పుల చేతిలో లోహము వంగిన సీమ ఇది. డొల్ల వంచుట మనకు రాని విద్య కాదు.

అంతవఱకు మీ సైకిలే మీ ప్రయోగశాల. వాహనములు తిరుగని మైదానమున, గాలి కదలని ఉదయమున, కొంచెము వాలుగా నున్న చోటును ఎన్నుకొనుడు. మొదట నిటారుగా కూర్చుండి, తొక్కక, సైకిలును దానంతట దానిని దొరలనిండు. అది ఆగినచోట సుద్దతో గీత గీయుడు. పిదప అదే చోటునుండి మఱల బయలుదేరి, వీపు వంచి, మోచేతులు దగ్గఱకు చేర్చుకొని దొరలనిండు. తల మాత్రము దించకుడు. చూపు దారిపైననే యుండవలెను. రెండవ గీత మొదటిదానిని దాటి యుండును. రెండు గీతలకు నడుమనున్న దూరమును స్కేలుతో కొలిచి, మీ నోటుపుస్తకములో వ్రాసికొనుడు. అంత దూరము మీరు బలముచేత పోలేదు, వంగుటచేత పోయితిరి.